యూ టీ కూలర్ పరిశీలక సంఘం

దేశం కాని దేశంలో, యూ టీ అనే పేటలో పదకొండో అంతస్తు ఫ్లాటులో, ఇంటి యజమాని విశ్వేశ్వరరావు గారి అధ్యక్షతన, ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ ప్రాసెసర్‌కు బిగించిన ఎయిర్ కూలర్ సామర్థ్యాన్ని పరిశీలించడానికి త్రిసభ్య సంఘం ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. నీళ్ళు పోసి కిటికీలో పెట్టే కూలర్ కాదిది. ప్రాసెసర్ నెత్తిన కూర్చుని, దాని వేడిని రేకుల్లోకి లాక్కుని, ఫ్యానుతో బయటికి ఊదే ఇటుకంత పరికరం. ఇంత చిన్న వస్తువుకు ముగ్గురు పెద్దమనుషులు కావాలా అని అడిగేవాళ్ళకు మన తెలుగువాళ్ళ సంగతి తెలియదు.

కంప్యూటర్ అక్షరది. సైన్స్ పార్క్‌లో పరిశోధన చేస్తూ ఈ ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. ఎత్తైన భవనాల మధ్య గాలిని ఎటు మళ్ళిస్తే లోపలి మనుషులకు ఉక్కపోత తగ్గుతుందో లెక్కగట్టడం ఆమె పని. నెలాఖరులోగా ఫలితాలు అప్పగిస్తేనే ఉద్యోగం గడువు పొడిగిస్తారు. లేకపోతే పెట్టె సర్దుకుని ఇండియా విమానం ఎక్కాలి. లెక్క మాత్రం పూర్తి కావడం లేదు. పడమటి ఎండ గోడకు తగలగానే గది కాగుతుంది, రాత్రయినా ఆ వేడి దిగదు, ప్రాసెసర్ వంద డిగ్రీలకు చేరుతుంది, కంప్యూటర్ తనంతట తానే ఆరిపోతుంది.

గదిలో ఏసీ లేదని ఎవరూ అపోహ పడకూడదు. ఉంది. అద్దె ప్రకటన ఫొటోలో అన్నిటికంటే ముందు కనబడేది అదే. దాని రిమోటు విశ్వేశ్వరరావు గారి భార్య సూర్యకుమారి గారి బీరువాలో, పట్టుచీరల మధ్య భద్రంగా ఉంటుంది. ఇంటికి ఎవరైనా వస్తే బయటికి వస్తుంది. వాడకపోతే వస్తువు కొత్తగా ఉంటుందని ఆ దంపతుల విశ్వాసం. ఏసీ నిజంగానే కొత్తగా ఉంది.

పగటిపూట కాసేపు ఏసీ వేసుకుంటానని, లేకపోతే కంప్యూటర్ నడవడం లేదని అక్షర అడిగింది. విశ్వేశ్వరరావు గారు కాదనే మనిషి కాదు. తెలుగు సంఘంలో రెండుసార్లు కార్యదర్శిగా పనిచేసిన అనుభవంతో, అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తే తొందరపాటు అవుతుందనీ, ముందు అధ్యయనం జరగాలనీ సెలవిచ్చారు. వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఐటీ మేనేజరుగా ఉన్న పార్థసారథి గారు కొన్ని వీడియోలు చూసి ఒక కూలర్‌ను సూచించారు. అక్షర కొనుక్కుని బిగించుకుంది. దాని పనితీరును ధ్రువీకరించే భారాన్ని వీరిద్దరూ, వాస్తు తెలిసిన బసవయ్య గారూ భుజాన వేసుకున్నారు. పాలిటెక్నిక్‌లో చదివే ఆ ఇంటి అమ్మాయి నందిత ఫోనులోంచి తల ఎత్తకుండా, "జస్ట్ ఆన్ ది ఎయిర్‌కాన్ లా, డాడీ" అంది. ఏసీ వేసేస్తే పోలా అనే ఈ సూచన సంఘం పరిధిలోకి రాదని తోసిపుచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం సంఘం గదిలో అడుగుపెట్టింది. పెద్దమనుషులు ఇంటికొచ్చాక వాళ్ళను చెమటలు కక్కుతూ కూర్చోబెట్టడం మర్యాద కాదు కనక సూర్యకుమారి గారు బీరువా తెరిచారు. గది చల్లబడ్డాక పరీక్ష మొదలైంది. పార్థసారథి గారు కంప్యూటర్ డబ్బాకు చెవి ఆనించి విన్నారు. బసవయ్య గారు పిల్లలకు జ్వరం చూసినట్టు చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూశారు. విశ్వేశ్వరరావు గారు తెర మీది అంకెను పైకి చదివారు. అరవై రెండు. ఈలోగా ఉప్మా పెసరట్టు వచ్చింది. అరవై ఒకటి.

పార్థసారథి గారు చెయ్యి కడుక్కుని వచ్చి ప్రసంగించారు. "వస్తువును ఎంచుకోవడం ఒక కళ. ఆ కళలో నేనేదో సాధించానని నేను అనను. మీరంటే మాత్రం కాదనను."

అతిథులు లిఫ్టు ఎక్కారు. రిమోటు బీరువాలోకి వెళ్ళింది. కాసేపటికి కంప్యూటర్ ఆరిపోయింది.

అక్షర ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. "మీరుంటే బాగానే ఉంటాది అంకుల్. మీరు పోయినాక ఆగిపోతాది." సంఘం దీన్ని ప్రశంసగా స్వీకరించింది. పెద్దల సమక్షంలో యంత్రాలు కూడా బుద్ధిగా ఉంటాయని బసవయ్య గారు వివరించి, కంప్యూటర్‌ను తూర్పు ముఖంగా తిప్పించారు. తిప్పినందువల్ల కలిగిన మేలును తెలుసుకోవడానికి మళ్ళీ సమావేశమయ్యారు. మళ్ళీ బీరువా తెరుచుకుంది. మేలు స్పష్టంగా కనిపించింది.

అక్షరకు అప్పుడు అర్థమైంది. సంఘం కూర్చున్నంతసేపూ లెక్క నడుస్తుంది. ఆగిపోయినా, ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలవుతుంది. అప్పట్నుంచి ఆమె వినయంగా సందేహాలు అడగసాగింది. ఫ్యాను పైకి ఊదితే మంచిదా, వెనక్కి ఊదితే మంచిదా? ప్రాసెసర్ మీద పూసే పేస్టు బఠాణీ గింజంత చాలా, ఇంకాస్త కావాలా? ఒక్కో సందేహానికి ఒక్కో మధ్యాహ్నం పట్టింది. ఈ కాలపు పిల్లల్లో ఇంత జిజ్ఞాస చూడలేదని పార్థసారథి గారు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వచ్చారు. పేస్టు మీద సభ్యులకు అభిప్రాయభేదాలు వచ్చి చర్చ మర్నాటికి వాయిదా పడినప్పుడు అక్షర ఎంత సంతోషించిందో చెప్పలేం. లెక్క సగం దాటింది. ముప్పావు దాటింది.

ఇంతలో సూర్యకుమారి గారు గరిటె కింద పెట్టేశారు. "రోజూ టిఫిన్లు చెయ్యడం ఇంక నా వల్ల కాదు. ఆ కూలర్ సంగతి ఇవాళే తేల్చుకోండి" అన్నారు. సంఘం వెంటనే తుది నివేదికకు పూనుకుంది. నెలాఖరు దగ్గర పడింది. లెక్క ఇంకా మిగిలే ఉంది. అక్షరకు భయంతో కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. ఏసీ లేకుండా ఆ గదిలో చల్లబడినవి అవి మాత్రమే.

కానీ పెద్దమనుషులను మనం తక్కువ అంచనా వెయ్యకూడదు. నివేదిక ఏకగ్రీవంగా ఇలా తేల్చింది. కూలర్ సర్వోత్తమం. లోపమంతా గది గాలిలో ఉంది. గాలి వేడెక్కడానికి కారణం గదిలో నివసిస్తున్న మనిషి. మనిషి ఒంట్లోంచి పాతకాలపు బల్బంత వేడి వస్తుందని పార్థసారథి గారు ఒక వీడియోలో చూశారు. కావున శాస్త్ర పురోగతిని దృష్టిలో ఉంచుకుని, లెక్క పూర్తయ్యేవరకూ రేయింబవళ్ళు ఏసీ నడపాలి, మనిషి గదిలోకి పోరాదు. సంఘం వారే చెప్పాక విశ్వేశ్వరరావు గారికి అభ్యంతరం ఏముంటుంది? సూర్యకుమారి గారు స్వయంగా ఏసీ వేసి తలుపు దగ్గరికి లాగారు.

అక్షర పగలంతా బ్లాకు కింద వాయిడ్ డెక్ అనే గోడల్లేని ఖాళీ జాగాలో, చదరంగం ఆడుకునే ముసలాయనల పక్కన రాతి బల్ల మీద కూర్చుంది. రాత్రి హాల్లో సోఫా మీద ఒరిగింది. గాలి ఆడక చెమట కారిపోతుంటే ఫోనులో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూసుకునేది. యాభై ఎనిమిది. హాయిగా ఉన్నట్టుంది. లెక్క పూర్తయింది. ఫలితాలు సమయానికి చేరాయి. గడువు పొడిగించారు.

విజయోత్సవ సభ ఆ ఇంటి హాల్లోనే జరిగింది. సభ్యులు ముగ్గురికీ శాలువాలు కప్పారు. కూలర్ వచ్చిన అట్టపెట్టెకు దండ వేశారు. కూలర్ ఎలా పనిచేస్తోందని వచ్చినవాళ్ళంతా అక్షరను అడిగారు, బాగుందని ఆమె అందరికీ చెప్పింది.

అందరూ వెళ్ళిపోయాక ఆ అమ్మాయి మొదటిసారి తన కోసం నోరు తెరిచింది. "అంకుల్, పండుకునేటప్పుడు నాకు కూడా కొంచేపు ఏసీ…"

విశ్వేశ్వరరావు గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "నీకెందుకమ్మా? మీది అనంతపురం కదా, ఎండలు నీకేం కొత్త?"

రిమోటు పట్టుచీరల మధ్యకు వెళ్ళిపోయింది. అక్షరకు తన గదిలోకి తిరిగి ప్రవేశించడానికి అనుమతి లభించింది. లెక్క పూర్తయింది, గడువు దొరికింది, ప్రాసెసర్ క్షేమంగా ఉంది కనక పాఠకులు కూడా ఈపాటికి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఉంటారు. ఏడాదిగా ఆ గదిలో ఆ పిల్ల ఎలా నిద్రపోతోందని సంఘం వారు ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్ళనేమీ అనకండి. మీరు కూడా ఇంతసేపూ ప్రాసెసర్ ఎన్ని డిగ్రీల్లో ఉందనే చూస్తున్నారు.