నిమ్మపండు రంగు చొక్కా

ఆ ఆదివారం ఉదయం పెట్టుకున్న పని చాలా చిన్నది. బీరువా తలుపు తీసి, వేసవి బట్టల్లో ఏది ఎన్నిసార్లు ఒంటిమీదికి ఎక్కిందో చూసి, ఎక్కనివాటిని తీసెయ్యాలి. కాఫీ చల్లారేలోపు ముగిసే పని అనుకుంది రికార్డు గుమాస్తా భార్య.

ఆమె మందుల దుకాణంలో సరుకు లెక్కలు చూస్తుంది. ఏ మాత్ర కదులుతోందో, ఏ సిరప్పు అరలోనే ముసలిదైపోతోందో కనిపెట్టడం పదిహేడేళ్ళుగా ఆమె ఉద్యోగం. ఎండలు మొదలైన రోజున ఇంటి బీరువాకూ అదే పద్ధతి పెట్టింది. తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి, ఏది వేసుకుంటే దాని ఎదురుగా ఒక గీత గియ్యాలని భర్తకు చెప్పింది. ఆయన గీశాడు. కాగితాల విషయంలో ఆయనది మచ్చలేని నడవడి.

రెండు నెలలు తిరిగాక ఆ ఆదివారం లెక్క తీసింది. తన బట్టల్లో నాలుగింటికి గీతలే లేవు. వాటిని కళ్ళు మూసుకుని సంచిలో వేసేసింది. భర్త వంతు వచ్చేసరికి చెయ్యి ఆగింది. మొత్తం పదకొండు చొక్కాలు. పదింటికి కలిపి తొమ్మిది గీతలు. నిమ్మపండు రంగు పొట్టిచేతుల చొక్కా ఒక్కదానికే నలభై ఒకటి.

"ఏమండీ, మీకు పదకొండు చొక్కాలున్నాయని మీకు తెలుసా?"

"ఉంటే ఉన్నాయి. అవేమైనా అన్నం అడుగుతున్నాయా?"

"అడగవు. అందుకే జాలేస్తోంది. ఈ ఒక్కటీ ఉన్నంతకాలం మిగతా పదింటికీ ఉద్యోగం లేదు. దీన్నే ఇచ్చేస్తాను."

"వేసుకోనివి తీసేస్తానన్నావు కదా. వేసుకునేదాని మీద పడ్డావేంటి?"

"ఇది పోతే తప్ప అవి కదలవు. మా షాపులోనూ అంతే."

"మెడ దగ్గర గుచ్చుకోదే అది," అన్నాడు ఆయన నెమ్మదిగా.

"కాలరు మొత్తం అరిగిపోయాక ఇంకేం గుచ్చుకుంటుంది?"

వాదనలో ఓడిపోవడం ఆయనకు ఇస్త్రీ మడతంత అలవాటు. ఆమె మాత్రం చొక్కాను అలాగే పారెయ్యలేదు. ఉతికింది. వదులైన గుండీ బిగించి కుట్టింది. వీధి చివర ఇస్త్రీ షాపులో ఇస్త్రీ చేయించి, గ్రంథాలయం వసారాలో పాతబట్టల కోసం పెట్టిన పెట్టెలో వేసి వచ్చింది.

గుమాస్తా పనిచేసేది నీటి సరఫరా కార్యాలయంలో. మూడో అంతస్తు చివర, బీరువాల మధ్య, పాత గొట్టాల పటాలు భద్రపరిచే గదిలో ఇరవై ఆరేళ్ళుగా ఆయనొక్కడే కూర్చుంటున్నాడు. ఎక్కడో గొట్టం పగిలితే తప్ప ఆయనతో ఎవరికీ పనుండదు. పగిలినా కావలసింది పటమే. ఆఫీసులో ఆయన్ని ఆయన వెనక 'నిమ్మపండు' అనేవారు. ఆ పేరు ఆయనకు తెలియదు. ఆయన అసలు పేరు వాళ్ళకు అంత బాగా తెలియదు.

ఆ సోమవారం నుంచి ఆయన ఆకాశనీలం చొక్కాలో వెళ్ళి వచ్చాడు. వారమంతా ఎవరూ ఏమీ అనలేదు. టైపిస్టు మాత్రం, "రికార్డు రూం ఆయన సెలవులో ఉన్నారా, పొద్దున బస్టాపులో కనిపించారే," అని పక్కవాళ్ళను అడిగింది. గురువారం సాయంత్రం ఇంట్లో ఆయన ఉన్నట్టుండి, "గ్రంథాలయం దగ్గర ఆ పెట్టెకి తాళం కూడా లేదు, తెలుసా?" అన్నాడు.

"అయితే?"

"ఏం లేదు. ఊరికే చెప్పాను."

రెండో మంగళవారం పది గంటలప్పుడు ఆఫీసు ఎదుటి బస్టాపులో ఒక మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. టైపిస్టు మూడో అంతస్తు కిటికీలోంచి చూసింది. పైనుంచి కనబడింది బట్టతల, నిమ్మపండు రంగు చొక్కా. "అయ్యో, మన ఆయన" అంది. గేటు దగ్గరి కాపలాదారు పరుగున వెళ్ళేసరికి అంబులెన్సువాళ్ళు ముఖానికి మాస్కు పెట్టి లోపలికి ఎక్కిస్తున్నారు. అతను ఆ మనిషి ముఖం చూడలేదు. చొక్కా చూశాడు. "మన ఆయనే సార్, ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకు తెలీదా?" అని పైకి వచ్చి చెప్పాడు.

గుమాస్తా సీటు ఖాళీగా ఉంది. ముందు రోజు సాయంత్రమే ఒక ఇంజనీరు ఆయన్ని, పొద్దున ఇంటినుంచి నేరుగా ఊరి అవతలి గోదాముకు వెళ్ళి పాత పటాలు తెమ్మన్నాడు. ఆ ఇంజనీరు మంగళవారం సెలవు. ఫోను చేస్తే మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు, ఎందుకంటే అది ఇంట్లో బీరువా మీద మోగుతోంది. సూపరింటెండెంటు ఆస్పత్రికి ఫోను చేశాడు. తీసుకొచ్చేలోపే ప్రాణం పోయిందని, జేబులో ఏమీ లేదని, కాలరు లోపల ఇస్త్రీ షాపు సిరాతో రెండు వందల పన్నెండు అని రాసి ఉందని అటువాళ్ళు చెప్పారు. ఆఫీసులో సగంమంది బట్టలు ఆ షాపుకే వెళతాయి. షాపామెను అడిగితే, "రెండు వందల పన్నెండా? రికార్డు గుమాస్తాగారిది కదా," అంది. కళ్ళతో చూసినవాడు ఒకడు, కాలరు మీద నంబరు ఒకటి. ప్రభుత్వ కార్యాలయంలో మనిషి చనిపోవడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సూపరింటెండెంటు మందుల దుకాణానికి ఫోను చేశాడు. గొంతు సవరించుకున్నాడు. చెప్పవలసింది ఎలాగో చెప్పాడు.

"ఏ చొక్కా వేసుకున్నారు?" అని అడిగింది ఆమె.

"ఎప్పుడూ వేసుకునేదేనమ్మా. నిమ్మపండు రంగుది."

ఆమె పెద్దగా ఊపిరి వదిలింది. "అయితే ఆయన కాదండీ. ఆ చొక్కా నేను ఇచ్చేశాను."

"ఎవరికమ్మా?"

"తెలీదు. పెట్టెలో వేశాను," అని నవ్వింది.

సూపరింటెండెంటు ఫోను పెట్టేసి, "పాపం, ఆవిడకి మతి చలించింది. నవ్వుతోంది," అన్నాడు. వెంటనే ఇద్దరు ఆడ ఉద్యోగులను దుకాణానికి పంపాడు. వాళ్ళు వెళ్ళి ఆమెకు చెరోవైపు కూర్చుని చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఆమె చొక్కా సంగతి చెప్పినకొద్దీ వాళ్ళ కళ్ళలో నీళ్ళు ఊరాయి. "అవునమ్మా, ఇచ్చేశారు, ఇచ్చేశారు" అని వీపు నిమిరారు. దుకాణం యజమాని మంచినీళ్ళు తెచ్చాడు. ఆమె భర్తకు ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది.

మూడోసారి మోగుతుండగా ఆమెకు పెట్టె గుర్తుకొచ్చింది. తాళం లేని పెట్టె. పొద్దున తాను బయల్దేరేసరికి ఆయన ఇంకా స్నానాల గదిలోనే ఉన్నాడు. ఏం వేసుకున్నాడో తాను చూడలేదు. వారంనుంచి ముభావంగా ఉన్న మనిషి, అడిగితే తాను ఒప్పుకోనని, వెళ్ళి తెచ్చుకుని ఎక్కడో దాచుకున్నాడేమో. ఒక చొక్కా కోసం మొగుణ్ణి దొంగను చేశానా అనుకుంది. చేతులు విడిపించుకుని లేచింది. "నేను ఆస్పత్రికి వెళ్ళాలి," అంది. ఇప్పుడు నవ్వడం లేదు కాబట్టి, ఆమెకు స్పృహ వచ్చిందని ఆ ఇద్దరూ ఊరట చెందారు.

మధ్యాహ్నం మూడింటికి గుమాస్తా పటాల చుట్టను భుజాన వేసుకుని ఆఫీసుకు చేరాడు. పెద్ద హాల్లో అందరూ నిలబడి ఉన్నారు. గోడవారగా ఒక పెద్ద పూలదండ, దానికి కట్టిన పట్టీ మీద 'మా ప్రియ సహోద్యోగికి' అని అక్షరాలు. ఎవరో పోయారని అర్థమై ఆయన చుట్టను చప్పుడు కాకుండా దించి, చివరి వరసలో అకౌంటెంటు పక్కన నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళలో ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు," అంటున్నాడు సూపరింటెండెంటు. "నన్ను కూడా అనలేదు. నిజం చెప్పాలంటే ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు గుర్తు రావడం లేదు. తప్పు మనదే."

గుమాస్తాకు మనసు కరిగింది. ఇలాంటి మంచివాడు మన ఆఫీసులో ఉండి కూడా తనకు పరిచయం లేకపోయిందే అనుకున్నాడు. తలవంచి రెండు నిమిషాలు మౌనం పాటించాడు. కళ్ళు తుడుచుకుని పక్కకు వంగాడు.

"ఎవరండీ పోయింది?"

"రికార్డు రూం ఆయన," అన్నాడు అకౌంటెంటు తలెత్తకుండా.

"రికార్డు రూంలో నేనొక్కణ్ణే కదండీ."

"అదే. ఒక్కడే ఉండేవాడు పాపం," అని నిట్టూర్చి, అప్పుడు తల తిప్పాడు.

తర్వాత కాసేపు హాల్లో ఎవరు ఏం మాట్లాడారో ఎవరికీ సరిగా గుర్తులేదు. టైపిస్టు ఏడుస్తూనే నవ్వింది. కాపలాదారు, "మరి ఆ చొక్కా?" అని ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. ఆఫీసుకు ఒంటిపూట సెలవు ప్రకటించిన సూపరింటెండెంటు, ప్రకటనను ఎలా వెనక్కు తీసుకోవాలో తెలియక కుర్చీలో కూలబడ్డాడు. గుమాస్తా అడిగింది ఒక్కటే.

"మా ఆవిడకి చెప్పారా?"

ఆస్పత్రి వెనకవైపు, మార్చురీ బయట పొడవాటి వసారాలో ఒక చెక్క బల్ల ఉంది. దాని మీద ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఏడుస్తోంది. ఆయన్ని చూడగానే లేవలేదు. చొక్కా అంచు పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"చూశావు కదా, నేను కాదని," అన్నాడు ఆయన.

"చూశాను. గుడ్డ తీసి చూపించారు. మీరు కాదు."

"మరెందుకు ఏడుపు?"

"ఎంత సంతోషం వేసిందనుకున్నారు. అక్కడే చప్పట్లు కొడదామన్నంత. ఎదురుగా ఆయన అలా పడుకుని ఉంటే." ఆమె ముక్కు తుడుచుకుంది. "గుండీలన్నీ పెట్టుకున్నాడండీ, మెడదాకా. నేను కుట్టిన గుండీ కూడా. ఆయన తాలూకువాళ్ళు ఎవరూ రాలేదు."

బల్ల రెండో చివర ఇంకొకామె కూర్చుని ఉందని గుమాస్తా అప్పుడు చూశాడు. బస్టాపు పక్క టీకొట్టామె. కొట్టు మూసి వచ్చిందట.

"నాకూ ఏమీ కాడండీ," అంది ఆమె. "గొడుగులు బాగుచేసేవాడు. పేరు నేనూ అడగలేదు. 'గొడుగులన్నా' అనేదాన్ని. ఎండాకాలం పనుండదు, ఊరికే కూర్చునేవాడు. పోయిన వారం ఎక్కణ్ణించో ఈ చొక్కా వేసుకొచ్చాడు. మర్నాటినుంచి బస్సు దిగిన ఆఫీసువాళ్ళు దూరంనుంచి చెయ్యి ఊపడం మొదలెట్టారు. పైకిటికీలోంచి ఒకమ్మాయి. గేటు దగ్గర కాపలా ఆయన అయితే సెల్యూట్ కొట్టాడు. ఈయన ఒక్కొక్కరికీ లేచి నిలబడి నమస్కారం పెట్టేవాడు. 'చెల్లెమ్మా, పదేళ్ళుగా ఇక్కడే కూర్చుంటున్నాను, ఇన్నాళ్ళకి నన్ను జనం గుర్తుపడుతున్నారు' అన్నాడు నాతో. రోజూ గడ్డం గీసుకుని, బస్సుల వేళకి ముందే వచ్చి కూర్చునేవాడు."

ఆ చేతులన్నీ ఊపింది తనకని గుమాస్తాకు అర్థమైంది. ఇరవై ఆరేళ్ళలో తాను బస్సు దిగి ఎన్నడూ తలెత్తి చూడలేదు. నాకు ఎవరున్నారులే అనుకుంటూ మెట్లెక్కడమే ఆయనకు తెలుసు.

ఆస్పత్రి ఉద్యోగి ఒక ఫారం పట్టుకుని వచ్చాడు. "ఎవరైనా సంతకం పెడితే అప్పగిస్తాం. లేకపోతే మేమే ఏదో చేసేస్తాం."

"ఇలా ఇవ్వండి," అని గుమాస్తా భార్య అందుకుని భర్త చేతికిచ్చింది.

పేరు దగ్గర టీకొట్టామె చెప్పినదే రాశాడు. బంధుత్వం అన్న గడి దగ్గర ఆయన కలం ఆగింది.

"ఖాళీగా వదలకూడదండీ," అన్నాడు ఉద్యోగి.

"ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళం అని రాయండి," అంది భార్య.

"అంటే వియ్యంకులా అమ్మా?"

"అలాంటిదే."

మర్నాడు ఉదయం అంత్యక్రియలకు పదిహేనుమంది వచ్చారు. మోసేవాళ్ళుంటే చాలనుకున్న గుమాస్తా ఆశ్చర్యపోయాడు. టైపిస్టు వచ్చింది. తాను చెయ్యి ఊపింది ఎవరికో ఇప్పుడు తెలిసిందని, ఆఖరుసారి ముఖం చూసి వెళతానని అంది. సూపరింటెండెంటు పూలదండ మోసుకొచ్చాడు. "పట్టీ మార్పించమంటారా?" అని చిన్నగా అడిగాడు. 'మా ప్రియ సహోద్యోగికి' అన్న అక్షరాలను గుమాస్తా ఒకసారి చదువుకున్నాడు. "ఉండనివ్వండి. తప్పేం లేదు," అన్నాడు. కాపలాదారు అందరికంటే ఎక్కువ ఏడ్చాడు. కొత్తచొక్కా తొడుగుదామని ఎవరో అంటే గుమాస్తా భార్య ఒప్పుకోలేదు. ఆ చొక్కాతోనే పంపించారు.

తిరిగి వస్తూ దారిలో ఆమె భర్త చెయ్యి పట్టుకుంది. రోడ్డు మీద ఆమె ఆయన చెయ్యి పట్టుకుని చాలా ఏళ్ళైంది. "మీకేం కావాలంటే అదే వేసుకోండి. ఇక లెక్కలు పెట్టను," అంది. ఆయన తల ఊపాడు. కాసేపయ్యాక, "రేపటినుంచి బస్సు దిగగానే తలెత్తి చూస్తాను," అన్నాడు. ఆమెకు అర్థం కాలేదు కానీ, మంచిదే అంది.

గురువారం ఉదయం ఆయన ఆకాశనీలం చొక్కాలో బస్సు దిగాడు. అన్నమాట ప్రకారం తలెత్తి మూడో అంతస్తు కిటికీవైపు చూశాడు, అందరికీ కనబడేలా చెయ్యి ఊపాడు. గేటు దగ్గర కాపలాదారు ఆయన్ని ఆపి, "ఎవరు కావాలండీ?" అని మర్యాదగా అడిగాడు.