మూడు కాళ్ళ అర్జీ

ఒక పెద్ద అడవిలో, అది పెద్దది కాబట్టి, అంతకంటే పెద్ద దర్బారు ఉండేది. ఎవరికేం కావాలన్నా మృగరాజు ఎదుట ముందరి కుడికాలు పైకెత్తి, మూడుకాళ్ళ మీద నిలబడి, "ప్రభువులు కాదనరని" అంటూ మొదలుపెట్టాలి. నాలుగు కాళ్ళ మీద నిలబడి అడిగితే అది అడగడం కాదు, తిరుగుబాటు.

ఏదుపంది కంపమ్మకి ఆ అవసరం వానాకాలంలో వచ్చిపడింది. వాగుకి అడ్డంగా మద్దిచెట్టు కూలి, నీళ్ళు వెనక్కి తన్ని ఆవిడ బొరియలోకి ఎక్కసాగాయి. లోపల పుట్టి మూడు రోజులైన పిల్లలు రెండు. బయటికి తెద్దామంటే గట్టుమీద కొండచిలువ కాపు కాసింది.

దర్బారుకి పరుగెత్తింది. గుమ్మంలో అర్జీల గుమాస్తా నక్క జంబులింగం ఆపాడు.

"ఏమ్మా, కాలెత్తడం నేర్చుకున్నావా?"

"పిల్లలు మునిగిపోతున్నారు బాబూ!"

"అందరూ చెప్పేదదే. నా దగ్గర నాలుగు పాఠాలు. పాఠానికో పీత."

పీతలు పట్టే తీరిక లేక కంపమ్మ లోపలికి దూసుకుపోయి కాలెత్తింది. పాపం, భయానికి వీపుమీది ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. మృగరాజు రెండడుగులు వెనక్కి వేసి, ఎవరూ చూడలేదు కదా అని చూసుకుని, అప్పుడు గర్జించారు.

"ఇది అర్జీయా, యుద్ధమా? గెంటండి!"

ఏడుస్తూ బయటికొచ్చిన కంపమ్మని ముసలి తాబేలు పిలిచింది.

"ఆ కాలెత్తడం ఎలా పుట్టిందో తెలుసా తల్లీ? జంబులింగం తాతకి అరికాల్లో తుమ్మముల్లు దిగింది. కాలు కింద పెట్టలేక ఎత్తి పట్టుకుని ఉద్యోగం అడిగాడు. అప్పటి రాజుగారు అదేదో మర్యాద అనుకుని మురిసిపోయారు. అంతే."

కంపమ్మకి ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ లోపలికెళ్ళి, సభ మధ్యలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఇక ఈ పిచ్చి పోతుందనుకుంది, వెర్రితల్లి.

జంబులింగం ముఖం పాలిపోయింది. కానీ ఊరికే గుమాస్తా అయ్యాడా?

"ప్రభూ, ఎంత అపచారం! ఇన్నాళ్ళూ ముల్లు లేకుండానే అర్జీలు తీసుకున్నాం. అసలు సంప్రదాయం ముల్లుతోనే కదా!"

సభ చప్పట్లు కొట్టింది. మరి అన్ని ముళ్ళు ఎక్కడివి? అందరూ కంపమ్మ వైపు తిరిగారు. ఆవిడ వీపునుంచి బుట్టెడు ముళ్ళు పీకి, మొదటిది ఆవిడ కాలికే గుచ్చారు. ఆవిడ నోరు తెరిచేలోగా మృగరాజు భోజనానికి లేచారు.

కంపమ్మ కుంటుకుంటూ వాగుకి చేరేసరికి నీళ్ళు బొరియ నోటిదాకా వచ్చాయి. లోపలినుంచి పిల్లల కీచులు. పక్కనే ఏనుగు గున్నయ్య తీరిగ్గా స్నానం చేస్తున్నాడు. కంపమ్మకి కాలూ గుర్తులేదు, ప్రభువులూ గుర్తులేరు. మట్టిలో కూలబడిపోయింది.

"అన్నా, ఆ చెట్టు కాస్త పక్కకి లాగవూ?"

"ఓస్, ఇదా?"

తొండంతో ఒక్క లాగు లాగాడు. వాగు భళ్ళున కదిలింది, బొరియలో నీళ్ళు దిగిపోయాయి. పిల్లలు తుమ్ముకుంటూ బయటికొచ్చాయి. అంత పెద్ద ఏనుగుని చూసి కొండచిలువ ఎప్పుడో జారుకుంది. కంపమ్మ పిల్లల్ని నాకుతూ భోరుమంది.

"ఇంత సులువైన పని ముందే చేసి ఉండొచ్చు గదన్నా!"

"నన్నెవరడిగారమ్మా? మూడు రోజులుగా అందరూ నా పక్కనుంచే దర్బారుకి పోతున్నారు."

మర్నాడు దర్బారంతా ముళ్ళబుట్టతో సహా వాగుకి దిగొచ్చింది. అర్జీ లేకుండా తీసిన చెట్టు చెల్లదట. మళ్ళీ అడ్డంగా పడేసి, పద్ధతి ప్రకారం తీయాలట.

"అలాగే పడేస్తా," అన్నాడు గున్నయ్య. "కానీ ఇప్పుడు కావలసింది తమకి కదా ప్రభూ. అడగండి మరి. ముల్లు మరిచిపోకండి."

బుట్టలోంచి లావుపాటి ముల్లు కంపమ్మే ఏరి, వినయంగా అందించింది. మృగరాజు దాన్ని చాలాసేపు చూశారు. ఆపైన తమ అరికాలు చూసుకున్నారు.

"చెట్టు పక్కనుంటేనే వాగుకి అందం," అని నాలుగు కాళ్ళ మీదా గబగబా వెళ్ళిపోయారు. జంబులింగం వెనకాలే పరుగెత్తాడు. తెల్లారితే పాఠాలున్నాయి, పేర్లిచ్చినవాళ్ళు యాభైమంది.

నీతి, రాజులకు మాత్రమే: ఎలా అడగాలో అందరికీ బాగా నేర్పితే చాలు, ఎవర్ని అడగాలో ఎవరికీ గుర్తుకురాదు.