తొమ్మిదో అంతస్తు, నాలుగో భాగం

ఇందుమూలంగా సమస్త రచయితలకూ తెలియజేయడమేమనగా, ముందు భాగం విడుదల కాని కథలు ఇక్కడ వినబడవు.

ఈ ప్రకటన ఆ సినిమా కంపెనీ గుమ్మం పక్కన, గొడుగులు ఆనించే చోటికి కాస్త పైన అంటించి ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని చదివి, అలాగైతే మొదటి భాగం ఎక్కడినుంచి పుడుతుందని అమాయకంగా అడుగుతారు. అలాంటి కుతర్కాలకు బదులిచ్చే తీరిక కంపెనీకి లేదు. చేతినిండా పని. పోలీసు కథ ఆరో భాగంలో ఉంది. అందులో హీరో రెండో భాగంలో చనిపోయాడు, మూడో భాగంలో అతని కవల తమ్ముడు చనిపోయాడు, ప్రస్తుతం ఇద్దరూ క్షేమం. దయ్యం కథ ఐదో భాగానికి వచ్చేసరికి దయ్యానికే విసుగు పుట్టి ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. కాళ్ళావేళ్ళా పడి వెనక్కి తీసుకొచ్చారు. కళకు ఇంతటి సేవ చేస్తున్నవాళ్ళను పట్టుకుని కొత్త కథ వినమనడం సంస్కారం కాదు.

మన రచయితకు ఆ సంస్కారం లేదు. కాళ్ళరిగేలా ఆ ఆఫీసు చుట్టూ తిరిగాడు. అతని దగ్గర ఉన్నది ఒక్కటే కథ. అది కూడా అతనిది కాదు, వాళ్ళ అక్కది.

అక్క లిఫ్టులు బాగుచేస్తుంది. ఓసారి ఓ భవనంలో లిఫ్టు తొమ్మిదో అంతస్తు దాటి, పదికి చేరకుండా మధ్యలో ఆగిపోయింది. లోపల ఇద్దరు అన్నదమ్ములు. ఒకే భవనంలో ఉంటూ, ఏళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు. అక్క పై తలుపు దగ్గర కూర్చుని తీగలు సరిచేస్తుంటే కిందినుంచి మాటలు వినబడ్డాయి. ముందు తిట్లు. తరవాత పోయిన అమ్మ సంగతులు. ఇంతలో రిపేరు అయిపోయింది. అక్క మాత్రం స్విచ్చి వేయకుండా అలాగే కూర్చుంది. "మాట మధ్యలో ఉన్నార్రా, ఎలా పైకి లాగను?" అంటుంది ఇప్పటికీ. ఆలస్యం చేసినందుకు పైఅధికారి నలుగురిలో కడిగేశాడు. కారణం చెప్పలేదామె. ఇంటికొచ్చి తమ్ముడికొక్కడికే చెప్పింది.

ఆ రోజు తమ్ముడు ఏడ్చాడు. దీన్ని సినిమాగా తీయించి చూపిస్తానని మాటిచ్చాడు. ఇప్పుడు అక్క చూపు తగ్గుతోంది. ఆ కళ్ళ గురించి డాక్టరు మాట్లాడే తీరు వెళ్ళినప్పుడల్లా మరింత మర్యాదగా మారుతోంది. "ఒరేయ్, నాకు కనబడుతుండగానే తీస్తారంటావా?" అని ఆమె నవ్వుతూనే అడుగుతుంది. అన్నం తింటున్నవాడు కంచంలో చెయ్యి కడిగేసుకుంటాడు.

అలాంటి ఒక పూట తరవాత అతను మళ్ళీ కంపెనీకి వెళ్ళాడు. కథల విభాగాధిపతి తలెత్తకుండానే, "ఎన్నో భాగం?" అన్నాడు. ఏళ్ళుగా ఈ ప్రశ్న దగ్గరే అతను వెనుదిరుగుతున్నాడు.

"నాలుగోదండీ," అన్నాడు రచయిత.

విభాగాధిపతి లేచి నిలబడ్డాడు. కుర్చీ వచ్చింది, కాఫీ వచ్చింది, చివరికి నిర్మాతగారే వచ్చారు. సినిమా పేరు "తొమ్మిదో అంతస్తు" అని చెప్పగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

"అబ్బ, ఆ మొదటి భాగం! మా ఆవిడా నేనూ పెళ్ళయిన కొత్తలో చూశామయ్యా. అలాంటివి ఇప్పుడెక్కడొస్తున్నాయి!"

"రెండోది కాస్త సాగదీశారు సార్," అన్నాడు విభాగాధిపతి. తను చూడలేదని నిర్మాతగారు అనుకుంటే ఉద్యోగానికి ముప్పు.

"అవునవును. మూడో దాంట్లో మళ్ళీ పుంజుకుంది."

రచయిత నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అక్క కళ్ళు గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. తీర్చిదిద్దిన అబద్ధం కూడా కాదది, ఒక్క అంకె. దాన్ని మిగతావాళ్ళే చకచకా పూర్తిచేశారు.

ఆ తరవాత కథా చర్చలు మొదలయ్యాయి. ప్రారంభోపన్యాసంలో నిర్మాతగారు ఇలా సెలవిచ్చారు: "ప్రేక్షకుడు ఇంటినుంచి అలిసిపోయి వస్తాడు. అతనికి తెలియనిది చూపించి మరింత అలసట కలిగించడం ద్రోహం. తెలిసిందే చూపించాలి, కాకపోతే ఇంకాస్త గట్టిగా చూపించాలి." అందరూ చప్పట్లు కొట్టారు.

ఆగిన లిఫ్టులో ఇద్దరు అన్నదమ్ములని రచయిత మొదలుపెట్టగానే అడ్డుకుని, మొదటి భాగంలో లిఫ్టు ఆగింది గనక ఇందులో ఆగితే కాపీ అంటారని తేల్చారు. కాబట్టి ఇందులో లిఫ్టు ఆగదు. భవనం కప్పు పగలగొట్టుకుని పైకి పోతుంది. అన్నదమ్ములు మాట్లాడుకోవడం మొదటి భాగంలోనే అయిపోయింది గనక ఈసారి తుపాకులతో సంభాషిస్తారు. ఇవన్నీ రచయిత పంటి బిగువున భరించాడు. లిఫ్టు బాగుచేసే ఆవిడ ఒక్కతీ మిగిలితే చాలన్నాడు.

"ఆవిడా?" అన్నాడు విభాగాధిపతి ఆశ్చర్యంగా. "మూడో భాగంలో పోయింది కదండీ."

"పోలేదండీ! ఆవిడ నిక్షేపంలా ఉంది!"

"మీరు రాసింది మీరే మర్చిపోతే ఎలాగండీ? థియేటర్లో మా అత్తగారు వెక్కివెక్కి ఏడ్చింది."

అత్తగారి కన్నీళ్ళను కాదనడం ఎవరి తరమూ కాలేదు. విచారించి, ఆవిణ్ణి గోడమీద ఫొటోగా ఉంచడానికి ఒప్పుకున్నారు.

సినిమా విడుదలైంది, విరగబడి ఆడింది. మొదటి భాగంలోని ఆత్మ ఇందులో లోపించిందని పత్రికలన్నీ ముక్తకంఠంతో రాశాయి. రచయిత అక్కను ముందు వరుసలో కూర్చోబెట్టి చూపించాడు. ఆమె తెరకేసి మెడ సాచి, కళ్ళు చికిలించుకుని చూసింది.

"ఒరేయ్, ఆ గోడమీద ఫొటో ఎవరిది?"

"నీదే అక్కా."

ఆమె మెడ ఇంకాస్త ముందుకు సాచింది. పక్క సీటాయన జాలిపడి కలగజేసుకున్నాడు. "మీరు మొదటి భాగం చూడాల్సిందమ్మా. ఏమి సినిమా! ఇది దాని కాలిగోటికి చాలదు."

"మరి ఇదెందుకు చూస్తున్నారు బాబూ?"

"భలేవారే! ఇది చూడకపోతే రేపు ఐదోది అర్థం కావద్దూ?"

మర్నాడే రచయిత నిర్మాతగారి గదిలోకి విసురుగా వెళ్ళాడు. గెలిచినవాడు గనక ఎవరూ ఆపలేదు. కూర్చోకుండానే అక్క కథంతా చెప్పాడు. తిట్లు, అమ్మ సంగతులు, వేయని స్విచ్చి. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఒక కథను చివరిదాకా వినడం అదే మొదటిసారి. విభాగాధిపతి ముక్కు చీదుకున్నాడు. నిర్మాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇది తీయండి సార్. మొదటి భాగం అంటే ఇదే."

"తెలుసయ్యా. అందుకే కదా అంత ఆడింది! కానీ అందరూ చూసేసిందాన్ని మళ్ళీ ఎవడు చూస్తాడు?"

"ఎవరూ చూడలేదండీ! అసలు మొదటి భాగమే లేదు. రెండూ లేదు, మూడూ లేదు. నేను అబద్ధం చెప్పాను!"

నిర్మాతగారి మొహం జేవురించింది. "మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నా కళ్ళారా చూసిన సినిమా లేదంటావా? విజయం తలకెక్కితే ఇంతేనయ్యా. వెళ్ళి ఐదో భాగం రాసుకో!"

ఇంటికొచ్చి జరిగింది అక్కకు చెప్పాడు. ఆమె తమ్ముడి గొంతు వినబడినవైపు తల తిప్పి, ఓపిగ్గా వింది.

"అయితే మొదటిది అందరూ చూశామంటున్నారన్నమాట."

"అందరూనే అక్కా."

"బాగుందనే అంటున్నారా?"

"చాలా బాగుందంటున్నారు."

"పోనీలేరా," అంది అక్క. "నేనొక్కదాన్నే చూడలేదన్నమాట."

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అవతల కంపెనీవారు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రచయిత ఆరోపణపై న్యాయంగా బహిరంగ విచారణ జరిపించారు. మొదటి భాగం చూడనివారు ఎవరైనా ఉంటే నిర్భయంగా చెయ్యెత్తవలసిందని థియేటర్లన్నిటిలోనూ ఆట మొదలయ్యే ముందు అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మీరూ ఎత్తలేదు.