చక్రాల్లేని పెట్టె

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ఎవరెవరంటే, వరండాలో ప్రసాద్, వంటింట్లో అతని భార్య విజయకుమారి, గడప దగ్గర పీట వేసుకుని కూర్చున్న అతని తల్లి కామమ్మ, ఆమె ముందు గంపెడు చెరువు రొయ్యలు, ఆ గంప చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్న పిల్లి. వీళ్ళు కాక మూలనున్న వలల గుట్ట కింద ఇంకొకటి దాగి ఉంది. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసునని విజయకుమారి నమ్మకం.

మైపాడుకి దగ్గర్లో, సముద్రం ఒడ్డునున్న ఆ పల్లెలో అవి సర్కారు పెట్టిన చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఇసుకలో పడుకున్నాయి, మగవాళ్ళందరూ అరుగుల మీద పడుకున్నారు. ప్రసాద్ ఒక్కడే పడుకోడు. అతనికి ఇంకో పని ఉంది. పెళ్ళిళ్ళకీ తిరునాళ్ళకీ డీజే పెడతాడు.

ల్యాప్‌టాప్‌కి తగిలించే ఆ డీజే పెట్టె మీద చపాతీలంత చక్రాలు రెండుంటాయి. జాగ్ వీల్ అంటారు. ఒక పాట అయిపోతుండగా రెండో పాటను దాని తాళానికి కలపడానికి చక్రాన్ని కొంచెం అటో ఇటో జరపాలి. కొంచెమే. అరచెయ్యి ఆనించి వెనక్కీ ముందుకీ తోశారంటే పాట కూడా వెనక్కీ ముందుకీ పోతూ కీచుమంటుంది.

ప్రసాద్‌కి కొంచెం అనే మాట తెలియదు. వల లాగే చెయ్యి కాబట్టి చక్రాన్ని కూడా అలాగే లాగుతాడు. పోయిన నెల ఒక పెళ్ళిలో అతను తిప్పిన తిప్పుడికి పెళ్ళికొడుకు మేనమామ కరెంటు పోతోందనుకుని జనరేటర్ వేశాడు. ఒక ముసలమ్మ తన కోడిని ఎవరో తొక్కారని అందరినీ వరసపెట్టి తిట్టింది. అప్పటినుంచీ ఊళ్ళో అతని పేరు చక్రాల ప్రసాద్.

గంగమ్మ జాతరకు పాటలు ఎవరు పెట్టాలో తేల్చేది ఊరి పెద్ద మాలకొండయ్య. ఈ పూట తానే ఇంటికొచ్చి వింటానని, ఒక్క కీచు వినబడినా జాతర ఇందుకూరుపేట వాళ్ళకి ఇచ్చేస్తానని ఆయన కబురు పెట్టాడు.

ప్రసాద్ పెద్దగా బాధపడలేదు. ఇవ్వకపోతే వేట నిషేధం లేని మంగళూరు వైపు బోట్ల మీదికి కూలికి పోతానన్నాడు. బాధపడింది విజయకుమారి. పోయినేడు అలాగే మంగళూరు పోయినవాడు తిరిగొచ్చేసరికి గడ్డం గుండెల దాకా పెరిగింది. పిల్లి గుర్తుపట్టక మీదికి దూకింది. అతను రాని ఆ నెలలన్నీ ఆమె ఫోను దిండు కింద పెట్టుకుని, అది మోగకపోయినా మోగినట్టు లేచి కూర్చునేది. ఈసారి పోనివ్వదలుచుకోలేదు. అతను పోకూడదంటే జాతర రావాలి. జాతర రావాలంటే కీచు పోవాలి. కీచు పోవాలంటే చక్రం పోవాలి.

బిట్రగుంటలో ఆమె తమ్ముడు కిషోర్‌కి సౌండు సామాన్ల కొట్టుంది. అతన్ని బతిమాలి చక్రాల్లేని పెట్టె ఒకటి తెప్పించింది. దాని మీద చక్రాల బదులు స్కేలు లాంటి పొడుగాటి పట్టీ ఉంది. సెల్‌ఫోను తెర మీద జరిపినట్టు ఆ పట్టీ మీద వేలు జరిపితే పాట జరుగుతుంది. పక్కన మెత్తటి మీటలు కొన్ని. వాటిలో ఒకటి నొక్కితే రెండు పాటల తాళాన్ని పెట్టె తనంతట తానే కలిపేస్తుంది. మనిషి బలంతో పని లేదని కిషోర్ చెప్పినప్పుడు, ఇది తన మొగుడి కోసమే తయారుచేసినట్టుందని ఆమెకి అనిపించింది.

పాత పెట్టెను వలల కిందికి తోసి, రిపేరుకి పోయిందని చెప్పింది.

"నిన్న బాగానే ఉన్నింది గదా," అన్నాడు ప్రసాద్.

"నువ్వు తిప్పిన తిప్పుడికి దానికే కళ్ళు తిరిగినాయంట. కిషోర్ ఎత్తుకపొయినాడు."

"మరి చక్రాల్లేకుండా ఇదేం బండి మే?"

చక్రాల్లేకపోతేనే బండి ఇంటి ముందర పడి ఉంటుందని ఆమె లోపల అనుకుని, పైకి మాత్రం కొత్త మోడలంది.

ప్రసాద్ పట్టీ మీద వేలు పెట్టి జరిపాడు. పాట కదల్లేదు. గట్టిగా జరిపాడు. బల్ల కదిలింది గాని పాట కదల్లేదు. ఏళ్ళ తరబడి తాళ్ళు లాగి అతని వేళ్ళు తాబేటి వీపులా గట్టిపడ్డాయి. అవి ఆనినట్టు ఆ పట్టీకి తెలియడం లేదు. అసలు అతను ఫోను కూడా ముక్కుతోనే నొక్కుతాడు.

విజయకుమారి పోపులో ఆవాలతో పాటు చిటపటలాడింది, సంతోషంతో. పట్టీ పలకకపోతే కీచు లేదు, పాటలు కలపడానికి మీట ఉండనే ఉంది. తను వేసిన ఎత్తు తను అనుకున్నదానికన్నా బాగా పారింది.

ప్రసాద్ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. వేడినీళ్ళలో వేళ్ళు నానబెట్టాడు. కామమ్మ ఆముదం రుద్దింది. ఆముదంతో లాభం లేదని చేప పొలుసు తీసే కత్తితో గీకబోతే అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆఖరికి ఒంగి ముక్కుతో పట్టీని రాశాడు. పాట జరిగింది గాని, ముక్కుతో పాటలు పెట్టేవాణ్ణి గంగమ్మ తల్లి కూడా ఒప్పుకోదని కామమ్మ తేల్చేసింది.

ఆ మాట అంటూనే ఆమె, ఈసారి రొయ్య ఎంత లావున్నదో చూడమని ఒకదాన్ని కొడుకు చేతికిచ్చింది. అందుకోబోతుంటే తడి రొయ్య పట్టీకి తగిలింది.

కీచుమంది.

ప్రసాద్ మొహం వెలిగిపోయింది. రొయ్యను తలకాయ దగ్గర పట్టుకుని పట్టీ మీద వెనక్కీ ముందుకీ రాశాడు. పోయిందనుకున్న కీచు నీచు వాసనతో సహా తిరిగొచ్చింది. విజయకుమారి గరిటె పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. ఆమె కన్నా ముందు పిల్లి పరిగెత్తింది.

పిల్లి పెట్టె మీదికి దూకింది. కామమ్మ పిల్లి మీదికి గంప విసిరింది. పిల్లి తప్పుకుంది, రొయ్యలు తప్పుకోలేదు. అన్నీ మీటల మీద పడ్డాయి. పెళ్ళి ఊరేగింపుల్లో కుర్రాళ్ళకి ఇష్టమని కిషోర్ ఒక మీటకు సైరన్ మోత పెట్టి ఉంచాడు. ఆ మీట మీద అన్నిటికన్నా లావు రొయ్య పడింది.

సముద్రం పక్క ఊళ్ళో సైరన్ మోగితే ఎందుకని ఎవరూ ఆగి అడగరు. అరుగుల మీద పడుకున్నవాళ్ళు లేచారు. ఒకరు పిల్లను, ఒకరు గ్యాసు బండను, ఒకరు టీవీని ఎత్తుకుని తుఫాను షెల్టర్ వైపు పరుగుతీశారు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదని షెల్టర్ మెట్ల దాకా పోయాక గాని ఎవరికీ తట్టలేదు.

వాళ్ళందరికీ ఎదురు నడుచుకుంటూ మాలకొండయ్య వచ్చాడు. వరండా మెట్టు దగ్గర ఒక చెప్పు విడిచి, లోపలి సంగతి చూసి, విడిచిన చెప్పు మళ్ళీ తొడుక్కున్నాడు.

"కీచు ఒక్కటే అనుకున్నా. సైరన్ కూడా నేర్చినావా అబ్బయా," అని వెనక్కి తిరిగాడు.

ఆ వీపు చూడగానే విజయకుమారికి మంగళూరు కనిపించింది. మామూలుగా మగవాళ్ళ ముందు తల ఎత్తని మనిషి, గరిటె పక్కన పడేసి, పిల్లిని తోసి, రొయ్యలు దులిపి, చెయ్యి కొంగుకి తుడుచుకుని మీట నొక్కింది. సైరన్ ఆగింది. పట్టీ మీద వేలు ఆనించి, పసిబిడ్డ నుదుటి మీది జుట్టు సర్దినట్టు మెల్లగా జరిపింది. ఒక పాట తగ్గుతూ పోయింది, రెండోది దానిలోంచే మొలిచినట్టు లేచింది. రెంటి మధ్యా వెంట్రుకంత సందు లేదు.

మాలకొండయ్య ఆగాడు. ఆయన వీపు ఇంకా ఇటే ఉంది గాని మడమ తాళం వేస్తోంది. గ్యాసు బండతో తిరిగొస్తున్నాయన దాన్ని కింద దించి భుజాలెగరేస్తూ చిందేశాడు.

పాట అయ్యాక మాలకొండయ్య, జాతర మీదేనన్నాడు. అంతే కాదు, నిషేధం అయ్యేదాకా ఊళ్ళో ఏ వేడుక జరిగినా పాటలు మీవేనన్నాడు. అయితే ఆ పట్టీ మీద చెయ్యి పెట్టాల్సింది ఆ అమ్మాయేనన్నాడు.

విజయకుమారి బిక్కచచ్చిపోయింది. తనకేమీ రాదని, పొరపాటున వచ్చిందని, నిజంగా వచ్చింది తన మొగుడికేనని, చక్రాల పెట్టె ఇంట్లోనే ఉందని నోరు జారింది.

"వలల కింద ఉండేదే గదా," అన్నాడు ప్రసాద్ తాపీగా. "పొద్దున్నే చూసినా."

"చూసి గమ్మున ఉండావా?"

"తీద్దామనే వచ్చినా. అప్పుడు నువ్వు ఈ పెట్టె ముందేసుకుని, పట్టీ మీద వేలు జరిపి జరిపి నీలో నువ్వే నవ్వుకుంటా ఉండావు. నువ్వట్ట నవ్వంగా నేనెప్పుడూ చూళ్ళేదు మే. ఇంక దాన్నెట్ట తీసేది?"

"మరి ఆ ఆముదం, ఆ వేడినీళ్ళు?"

"అవి నిజమే. వేళ్ళు పలకలా. పలికినా నీకే ఇచ్చేవాణ్ణి." నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాడు. "రొయ్య మాత్రం నేను అనుకోలా."

మంగళూరు సంగతేంటని ఆమె అడిగింది. నువ్వు పాటలు పెడుతుంటే స్పీకర్లు మోసేదెవరని అతను అడిగాడు. మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టాలనుకున్నది, ఇప్పుడు తనే వీధిలోకి పోవాల్సి వచ్చింది.

గుడి దగ్గర జాతర పందిరి రాట నాటే వేళయిందని, ఇప్పుడే పెట్టె తీసుకుని రమ్మని చెప్పి మాలకొండయ్య ముందు నడిచాడు. ప్రసాద్ స్పీకరు నెత్తికెత్తుకున్నాడు. ఇదే అదునని విజయకుమారి వంటింటి వైపు జారుకోబోయింది. కూర మాడుతోందంది. రొయ్యలు ఒలవాలంది. తల దువ్వుకోలేదంది.

కామమ్మ గడపకి అడ్డంగా లేచి నిలబడింది. కూర దించేశానంది. ఒక చేత్తో రొయ్యల గంప లోపలికి లాక్కుంది, ఇంకో చేత్తో గూట్లోని దువ్వెన తీసి కోడలి జడలో గుచ్చింది, పెట్టెను తెచ్చి చంకలో ఇరికించింది.

"నాకు సిగ్గు, అత్తా," అంది విజయకుమారి.

"దాన్ని గూడా ఎత్తుకపో. ఇంట్లో పెట్టేదానికి చోటు లేదు," అని కామమ్మ తలుపు వేసి గడియ పెట్టుకుంది.