గుమ్మం దాటిన పెట్టె

ఆ సోమవారం పొద్దున్నకి సీతాలక్ష్మి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఐదింటికి లేవాలి, పులిహోర కలపాలి, ఎనిమిదిన్నరకు కూతురు వాగ్దేవిని కారెక్కించి, తొమ్మిదిన్నరకల్లా దోహాలో ఒక స్కూలు గేటు దగ్గర దింపాలి. అక్కడ సైన్సు టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. రెండేళ్ళు వెతగ్గా వెతగ్గా వచ్చిన మొదటి పిలుపు. ఒరిజినల్ సర్టిఫికెట్లు లేనివాళ్ళను లోపలికి రానిచ్చేది లేదని ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఆ డిగ్రీ కాగితం వెనకాల ఇండియాలో కొన్ని, ఇక్కడ కొన్ని ముద్రలు పడటానికి ఏడు నెలలు పట్టింది. అది పోతే మళ్ళీ ఏడు నెలలు. అప్పటిదాకా పిల్ల కోసం ఉద్యోగం పట్టుకు కూర్చునేదెవరు?

సీతాలక్ష్మి భర్త సుధాకరరావు దుఖాన్‌లో చమురు కంపెనీ ఇంజనీరు. కంపెనీ క్వార్టర్స్‌లో పద్దెనిమిదేళ్ళ కాపురం. దుఖాన్ నుంచి దోహాకు గంట దారి. పొద్దున్నే ఏడింటికి బయల్దేరితే చాలని ఆయన అన్నాడు. కానీ సీతాలక్ష్మికి ఆ గంట దారిలో పొగమంచు, పంక్చరు, రోడ్డుకు అడ్డంగా ఒంటె, మూడూ వరసగా కనిపించాయి. ఏ తల్లికైనా కనిపిస్తాయి. అందుకని ఆదివారం మధ్యాహ్నమే వచ్చి దోహాలో ఒక సూట్ హోటల్లో దిగారు. పడకగది, ముందుగది, చిన్న వంటగది ఉన్న సూట్. వంటగది ఉండబట్టే ఆవిడ ఒప్పుకుంది.

ఆ హోటల్ పాత ఓడరేవుకు దగ్గర. చలికాలంలో పెద్ద పెద్ద విహార నౌకలు వచ్చి ఆగుతాయి. ఓడ ఎక్కబోయేవాళ్ళంతా ముందురోజు ఇక్కడే దిగుతారు. ఐదో అంతస్తులో వీళ్ళు తప్ప మిగతా అందరూ ఓడ వాళ్ళే. ఈ సంగతి సుధాకరరావుకు రిసెప్షన్‌లో చెప్పారు. ఆయన ఇంట్లో చెప్పలేదు. చెబితే ఓడలు మునగడం గురించి రాత్రంతా వినాల్సి వస్తుందని ఆయన భయం.

పెట్టెలు మోసుకొచ్చిన హన్మాండ్లు తెలుగువాడని తెలియగానే ఆవిడ మనసులో మొదటి అనుమానం మొలిచింది. పరాయి దేశంలో తెలుగు మాట్లాడేవాడు ఊరికే ఎందుకు నవ్వుతాడు?

"మీ పెట్టెలు ఎన్నమ్మా?" అన్నాడు హన్మాండ్లు.

"ఎందుకూ?"

"లెక్క రాస్కోవాలె. గీ ఎర్ర పెట్టె బరువున్నది. రేపు పొద్దుగాల నేనే వస్త తియ్."

అతను లిఫ్టెక్కగానే సీతాలక్ష్మి తలుపు గడియ వేసి, గొలుసు వేసి, కుర్చీ కూడా అడ్డం పెట్టింది. "విన్నారా? ఎర్ర పెట్టె బరువున్నదట. రేపు తనే వస్తాడట. చెప్పి మరీ వస్తున్నాడు."

"పాపం, డ్యూటీ చేసుకుంటున్నాడే," అన్నాడు సుధాకరరావు.

"దొంగలకీ డ్యూటీ ఉంటుంది."

ఎర్ర పెట్టెలో సర్టిఫికెట్ల ఫైలు ఉంది. దాంతో పాటు ఇంటర్వ్యూకి ముందు కొట్టడానికి కొబ్బరికాయ, సెల్‌ఫోన్‌ను నమ్మలేక తెచ్చుకున్న అలారం గడియారం, నీళ్ళలో పెట్టి కాచుకునే కరెంటు కాయిల్, కందిపొడి, సున్నిపిండి, విభూతి పొట్లాలు, ఆవకాయ సీసా ఉన్నాయి. ఫైలు తన దగ్గర ఉంచుకుంటానని వాగ్దేవి అడిగింది. "నువ్వు బస్సులో గొడుగు మర్చిపోయిన పిల్లవి," అని తల్లి తోసిపుచ్చింది. గొడుగు పోయింది వాగ్దేవి ఏడో తరగతిలో.

సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా. ఎనిమిదిన్నరకు బయల్దేరక తప్పదు. దానికి మార్గం సీతాలక్ష్మి పుట్టింట్లోనే నేర్చుకుంది. మంచి ఘడియ దాటిపోకముందే ప్రయాణపు సామాను ఒకటి గుమ్మం దాటించి బయట ఉంచితే, మనిషి అప్పుడే బయల్దేరినట్టు లెక్క. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. ఏడుంపావుకు ఆవిడ పెట్టె జిప్పు తీసి ఫైలును చేత్తో తూచి చూసింది. బరువు సరిగ్గానే ఉంది. తడిచేతులతో తెరిస్తే ముద్రలు చెరుగుతాయని తెరవలేదు. పెట్టె మూసి, తలుపు ఓరగా తీసి బయటికి తొంగిచూసింది.

కారిడారంతా ప్రతి గుమ్మం ముందూ ఒక పెట్టె ఉంది.

"ఏవండీ! ఇటు రండి! ఈ తెల్లవాళ్ళు కూడా ప్రస్థానం పెట్టారు!"

సుధాకరరావు గడ్డం గీసుకుంటున్నాడు. నురగ మొహంతో వచ్చి చూసి, "అది వేరే సంగతేమో," అన్నాడు.

"ఏడున్నర లోపల, గుమ్మం బయట, ఒక్కొక్క పెట్టె. ఇంకేం సంగతి? మీకంటే వాళ్ళు నయం."

ఆయన వివరించబోయాడు. నురగ నోట్లోకి పోయింది. ఆవిడ అప్పటికే మరో విషయం గమనించింది. ప్రతి పెట్టెకూ పసుపుపచ్చ చీటీ కట్టి ఉంది. మనదానికి లేదు. చీటీ లేని పెట్టెను ఎత్తుకుపోతే అడిగేవాడెవడు? లిఫ్టు పక్కన బల్ల మీద గిన్నెలో అలాంటి చీటీలే ఉన్నాయి. ఒకటి తెచ్చి ఎర్ర పెట్టె పిడికి రెండు ముళ్ళు వేసి కట్టింది. రంగు కూడా పసుపు, శుభం. ఏడూ ఇరవై రెండుకు పెట్టె గుమ్మం దాటింది.

తర్వాత ఆవిడ తలుపుకున్న చిన్న అద్దంలోంచి కాపలా కాసింది. ఎదుటి గదిలోంచి ఒక ముసలాయన వచ్చి ఎర్ర పెట్టెను చూసి వెళ్ళాడు. అనుమానించాల్సినవాళ్ళ జాబితాలో అతన్ని రెండోవాడిగా చేర్చింది. మొదటివాడు హన్మాండ్లు. కన్ను అద్దానికి అంటుకుపోయింది. పొయ్యి మీద పులిహోర పోపు సంగతి ఆ కన్నుకు కనిపించలేదు.

ఎండుమిరపకాయలు మాడి, ఘాటు గదంతా కమ్ముకుని, పైకప్పులోని పొగ అలారం కుయ్యోమని మొదలెట్టింది. సుధాకరరావు మంచం ఎక్కి తువ్వాలు విసిరాడు. వాగ్దేవి దగ్గుతూ కిటికీ తెరిచింది. రిసెప్షన్ నుంచి ఫోన్. "నో ఫైర్, ఓన్లీ పులిహోర," అని సుధాకరరావు మూడుసార్లు చెప్పాడు. అలారం ఆగేసరికి పావుగంట పట్టింది.

సీతాలక్ష్మి తలుపు తెరిచింది. కారిడార్‌లో ఒక్క పెట్టె కూడా లేదు.

"ఫ్లోరంతా దోచేశారండీ!"

ఎదుటి గది ముసలాయన, ఆయన భార్య చేతికర్రలతో బయటికొచ్చి నవ్వుతూ చెయ్యి ఊపి లిఫ్టెక్కారు. పెట్టె పోగొట్టుకుని నవ్వేవాళ్ళను ఆవిడ జీవితంలో చూడలేదు. వాళ్ళూ ముఠాలో ఉన్నారన్నమాట.

సుధాకరరావు కిందికి పరుగెత్తి నాలుగు నిమిషాల్లో పాలిపోయి తిరిగొచ్చాడు. "సీతా, అవి ఓడ పెట్టెలు. పొద్దున బయట పెడితే వీళ్ళే తీసుకెళ్ళి ఓడలో ఎక్కిస్తారట. పసుపు చీటీ ఓడ చీటీ. నువ్వు కట్టావా?"

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, "పిల్లకి చెప్పకండి," అంది మెల్లగా. "తెలిస్తే ఇంటర్వ్యూలో చేతులు వణుకుతాయి. మనమే వెళ్ళి తెచ్చేద్దాం."

"చిన్నీ, నాన్నా నేనూ పెట్రోలు పోయించుకొస్తాం. నువ్వు ఇక్కడే ఉండు. ఎవరొచ్చినా తలుపు తియ్యకు," అని పడకగదిలోకి కేకేసింది.

"సరే అమ్మా, నిదానంగా రండి," అంది వాగ్దేవి. ఇంత తొందరగా ఆ పిల్ల దేనికీ సరేననదు. ఇంకో రోజైతే ఆవిడ దాన్ని కూడా అనుమానించేది.

రేవు దగ్గర గేటులో ఇద్దరి పేర్లూ రాసుకుని, సుధాకరరావు ఫోన్ తీసి ట్రేలో పెట్టించి, ఒక పెద్ద హాల్లోకి పంపారు. సీతాలక్ష్మి ఫోన్ హోటల్లోనే, పులిహోర గిన్నె పక్కన ఉండిపోయింది. హాలుకు ఒక పక్కన వందల పెట్టెలు బెల్టు మీద సాగిపోతున్నాయి. ఇంకో పక్కన తాడు కట్టిన జాగాలో ఒకే ఒక్క ఎర్ర పెట్టె. దాని చుట్టూ నలుగురు యూనిఫారం వాళ్ళు. దాని పక్కనే, చేతులు కట్టుకుని, హన్మాండ్లు.

"నేను చెప్పలా? నిన్ననే చెప్పలా?" సీతాలక్ష్మి తాడు దాటబోయింది. ఒక అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు.

తెలుగు వచ్చినవాడు కావాలని గౌస్ మొహియుద్దీన్ అనే ఉద్యోగిని పిలిపించారు. హైదరాబాదు మనిషి. చేతిలో స్కాన్ బొమ్మ పట్టుకుని వచ్చాడు. "అమ్మా, పరేషాన్ కాకున్రి. జర చెప్పున్రి. ఇగో, ఇక్కడ గోల్‌గ ఒకటి ఉంది. పక్కన ఘడీ ఉంది. వైరు చుట్ట ఉంది. చుట్టూ పొడి పొట్లాలున్నయి. ఏందిదంతా?"

సుధాకరరావు ఆ బొమ్మ చూసి కూర్చోవడానికి కుర్చీ వెతికాడు.

"గుండ్రటిది కొబ్బరికాయ," అంది సీతాలక్ష్మి. "ఇంటర్వ్యూకి ముందు కొట్టడానికి."

గౌస్ దాన్ని అరబ్బీలో చెప్పాడు. అధికారి ఏదో అడిగాడు. "ఎవర్ని కొడ్తరని అడుగుతున్నడు," అన్నాడు గౌస్.

పెద్ద అధికారి వచ్చేదాకా పెట్టె తెరవకూడదన్నారు. ఆయన వచ్చేసరికి తొమ్మిదైంది. సీతాలక్ష్మి ఆ గంటా గోడ గడియారం వంక, హన్మాండ్లు వంక మార్చి మార్చి చూసింది. జన్మంతా తను ఎవరినో ఒకరిని అనుమానించడమే గానీ, ఇలా నలుగురు తననే అనుమానంగా చూడటం ఆవిడకు కొత్త. చెయ్యి ఎత్తితే నలుగురూ ఆ చేతినే చూస్తున్నారు.

ఆఖరికి ఆవిడ చేతే తెరిపించారు. కొబ్బరికాయను ఒకాయన చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్ళ చప్పుడు విని ఒక అడుగు వెనక్కి వేశాడు. కందిపొడి వాసన చూసిన ఇంకొకాయన వరసగా ఆరుసార్లు తుమ్మాడు. సీతాలక్ష్మికి ఇవేమీ పట్టలేదు. ఫైలు లాగి బొత్తాం విప్పింది.

లోపల డిగ్రీ లేదు. ముద్రలు లేవు. ఎడారి సవారీ, పడవ షికారు, ఒంటె మీద ఫొటో అంటూ హోటల్లో ఊరికే పంచే రంగు రంగుల కాగితాలు బొత్తిగా ఉన్నాయి.

"మార్చేశాడు!" ఆవిడ గొంతు హాలంతా మోగింది. "డిగ్రీ తీసేసి ఈ చెత్త పెట్టాడు! బరువెంతో నిన్ననే చూసుకున్నాడు! నా పిల్ల రెండేళ్ళ కష్టం! ఎక్కడ దాచావు చెప్పు!"

హన్మాండ్లు మొహం ఎర్రబడింది. "దొంగనైతే పెట్టె పక్కపొంటి ఎందుకు నిలవడ్తనమ్మా? ఎత్తుకొని పోకపోదునా? చీటీ మీద పేరు లేదు, రూం నంబర్ లేదు. ఈడికొచ్చి బండిల నుంచి పెట్టె దించంగనే ఆవకాయ వాసనొచ్చింది. అరే, గిది నిన్న నేను మోసిన మనోళ్ళ పెట్టెనే, తప్పి అచ్చినట్టున్నదనుకున్న. షిప్పు ఎక్కిందంటే మళ్ళ దొరుకుతదా? ఎక్కనీయకున్రి అని నేనే ఆపిన. ఆపినందుకు గీళ్ళు నన్ను గూడ ఆపిన్రు. గంట సేపాయె, అక్కడ సూపర్‌వైజర్ నా జీతం కోస్తడు. దొంగ అంటవా?"

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సుధాకరరావు తల దించుకున్నాడు.

ప్రమాదం ఏమీ లేదని తేలాక, పెట్టె ఎందుకు బయట పెట్టారో రాసి సంతకం చెయ్యమన్నారు. రాహుకాలం సంగతి గౌస్ అరబ్బీలోకి మార్చడానికి అరగంట పట్టింది. పెద్ద అధికారి ఓపిగ్గా విని, రాసుకుని, రేపు ఇదే ప్రకారం మంచి వేళ ఎప్పుడో అడిగి కాగితం అంచున అది కూడా రాసుకున్నాడు. పదిన్నరకు ట్రేలోని ఫోన్ తిరిగిచ్చారు. ఇచ్చీ ఇవ్వగానే మోగింది.

"నాన్నా, ఎక్కడున్నారు? ఇన్నిసార్లు చేశాను," అంది వాగ్దేవి గొంతు. "ఉద్యోగం వచ్చింది. వచ్చే ఆదివారం, వారం మొదట్లోనే చేరమన్నారు."

సీతాలక్ష్మి ఫోన్ లాక్కుంది. "సర్టిఫికెట్లు లేకుండా ఎలా ఇచ్చారే?"

"అమ్మా, తిట్టకు. నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను. నువ్వు ఫైలు ఎత్తి చూస్తావని బరువుకి హోటల్ కాగితాలు పెట్టా. నీ దగ్గర ఉంటే ఏదో ఒకటి అవుతుందని నాకు అనుమానం."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబితే ఒప్పుకుంటావా? పెట్రోలుకి వెళ్ళి మీరెంతకీ రాకపోతే ఎనిమిదిన్నరకు టాక్సీలో వెళ్ళిపోయాను."

సీతాలక్ష్మి ఫోన్ భర్తకిచ్చి హన్మాండ్లు దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చీర కొంగు వేలికి చుట్టుకుంది. "బాబూ, తప్పైపోయింది. మీ సూపర్‌వైజర్‌తో నేనే వచ్చి మాట్లాడతాను. సాక్షికి ఈయన్ని కూడా తెస్తాను," అంది.

"ఆయనొక్కడు చాలు తియ్ అమ్మా, నువ్వొద్దు," అన్నాడు హన్మాండ్లు. అన్నాక నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆవిడ ఆవకాయ సీసా తీసి అతని చేతుల్లో పెట్టింది. అతను మూత గట్టిగా ఉందో లేదో తిప్పి చూసుకున్నాడు.

కారు రేవు గేటు దాటింది. ఒళ్ళో కొబ్బరికాయ పెట్టుకుని సీతాలక్ష్మి అంది. "ఏదేమైనా, ప్రస్థానం పెట్టబట్టే కదండీ పిల్లకి ఉద్యోగం వచ్చింది."

సుధాకరరావు సిగ్నల్ దగ్గర కారు ఆపి, మనసులో లెక్క చూసుకున్నాడు. రాహుకాలంలో బయల్దేరిన పిల్లకు ఉద్యోగం వచ్చింది, మంచి ఘడియలో బయల్దేరిన పెట్టెను పోలీసులు పట్టుకున్నారు.