పరస్పర పొరుగు ఒప్పందం

"రాబోయే యాభై ఏళ్లలో ఈ సరిహద్దు ఎక్కడుండేదో మన మనవలు భూతద్దం పెట్టి వెతుక్కోవాలి!" అని మా మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించింది సరిహద్దు గేటు ముందు నిలబడి. గేటు ఎత్తు పద్దెనిమిది అడుగులు. దాని మీద ముళ్లకంచె మరో మూడడుగులు.

ఆ ప్రసంగం టైపు చేసింది నేనే. విదేశీ వాణిజ్య మంత్రిత్వ శాఖలో పద్నాలుగేళ్లుగా టైపిస్టుని. ఆరుగురు మంత్రుల ఉపన్యాసాలు కొట్టాను గాని, ఇంతటి దూరదృష్టి ఎవరిలోనూ చూడలేదు. పక్క గదిలో ఏం జరుగుతోందో మంత్రిగారికి తెలియకపోవచ్చు. యాభై ఏళ్ల తర్వాతి సంగతి మాత్రం కళ్లకు కట్టినట్టు చెబుతారు.

గేటు మూతపడి పదకొండేళ్లయింది. అవతలివాళ్లు మూశారని మా ఫైల్లో ఉంది. మేం మూశామని వాళ్ల ఫైల్లో ఉందట. ఎవరు మూసినా ఇప్పుడు తెరవాలని ఇరు దేశాలూ నిశ్చయించుకున్నాయి. సరిగ్గా గీత మీద ఉన్న పాత కస్టమ్స్ భవనంలో చర్చలు. ఒప్పందం మీద సిరా ఆరకముందే మొదటి సరుకు దాటాలని మంత్రిగారి ఆదేశం. అందుకని ఒక లారీని ముందే తెచ్చి గేటు ముందు నిలబెట్టాం. "స్నేహ సరుకు నంబర్ వన్" అని దానికి బ్యానరు కూడా కట్టాం.

లారీలో ఉన్నవి గుడ్లు. తినేవి కావు, పొదిగించేవి. నలభై వేలు. అవతల ఊళ్లో కోళ్ల ఫారం నడుపుతున్న ఆవిడకి వెళ్లాలి. కిందటేడు తెగులొచ్చి ఆవిడ కోళ్లన్నీ పోయాయట. షెడ్లు ఖాళీ. ఫారంలో పనిచేసే ఇరవై మందీ వేరే పని వెతుక్కోవడానికి సిద్ధంగా ఉన్నారు. లారీ డ్రైవరు ఆవిడకి సొంత తమ్ముడు. గేటు మూసిన నాటి నుంచి అక్కా తమ్ముళ్లు ఒకర్నొకరు ఊచల సందుల్లోంచి చూసుకోవడమే.

"ఎంతసేపు పడుతుందండీ?" అని డ్రైవరు మా కార్యదర్శి గారిని అడిగాడు.

"రెండు గంటల పని. బండి ఇంజను ఆపెయ్. చర్చలకి డిస్టర్బెన్స్."

"ఆపితే చల్లటి మిషను ఆగిపోతుందండీ. గుడ్లు వేడెక్కుతాయి."

"రెండు గంటలకే? గుడ్లకంత సుకుమారం పనికిరాదయ్యా," అన్నారు కార్యదర్శి గారు.

చర్చలు మొదలయ్యాయి. ఇరు దేశాల భాష ఒకటే అయినా ప్రోటోకాల్ ప్రకారం మధ్యలో అనువాదకుడు ఉన్నాడు. మా మంత్రిగారు "నమస్కారం" అంటే అతను అవతలివైపు తిరిగి, కాస్త గట్టిగా, "నమస్కారం" అనేవాడు.

ముసాయిదాలో మొదటి వాక్యం: "మా పొరుగు దేశంతో..." అవతలి మంత్రిగారు అక్కడే చెయ్యెత్తారు.

"పొరుగు అంటే ఎవరు?"

"మీరే," అన్నారు మా మంత్రిగారు.

"మేం మీకు పొరుగా? మీరే మాకు పొరుగు. మేం ఉన్నచోటే ఉన్నాం."

"మేం మాత్రం ఎక్కడికెళ్లాం? పొరుగు అనిపించుకోవడానికి మాకేం ఖర్మ?"

అనువాదకుడు ఈ మాటలన్నీ శ్రద్ధగా అటూ ఇటూ చేరవేశాడు. ఎవరు ఎవరికి పొరుగో తేలడానికి ఆరు రోజులు పట్టింది. మ్యాపులు తెప్పించారు. న్యాయ నిపుణులు వచ్చారు. చివరికి "పరస్పర పొరుగు దేశాలు" అనే మాట మా మంత్రిగారికి స్ఫురించింది. అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం.

ఆ తర్వాత గేటు సంగతి వచ్చింది. అది మా వైపుకి తెరుచుకుంటే మా భూభాగంలోకి వాళ్లు చొచ్చుకొచ్చినట్టు. వాళ్ల వైపుకి తెరుచుకుంటే మేం తోసినట్టు. దీనికి తొమ్మిది రోజులు. పక్కకి జరిగే గేటు పెట్టాలని తీర్మానించి, ఉన్న గేటుకి చక్రాలు బిగించారు.

ఈ పదిహేను రోజులూ డ్రైవరు లారీలోనే ఉన్నాడు. మొదటి రోజు నుంచే పగటి ఎండ మాడ్చెయ్యడం మొదలుపెట్టింది. అవతల నుంచి అక్క కేకేసి చెప్పింది.

"ఒరేయ్ తమ్ముడూ! ఎండకి లోపల పిండం కదిలుంటుంది. ఇక వాటిని చల్లార్చకు. ట్రేలు రోజుకి మూడుసార్లు తిప్పు. తిప్పకపోతే పిల్ల పెంకుకి అతుక్కుపోతుంది!"

"నలభై వేలక్కా!"

"తిప్పరా నాన్నా. నీకు పుణ్యముంటుంది."

అతను తిప్పాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. టార్పాలిన్ కప్పి, తడి గోనెలు వేలాడదీసి, లోపలి వేడి ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా చూశాడు. చెంప మీద గుడ్డు ఆనించి వెచ్చదనం చూసుకునేవాడు. మంత్రులు లంచ్‌కి లేచినప్పుడు నేను అటు వెళ్లేవాణ్ని. ఒకరోజు ఒక గుడ్డు నా చెవి దగ్గర పెట్టి, "వినండి సార్" అన్నాడు. నాకేం వినబడలేదు. అతని మొహం మాత్రం వెలిగిపోతోంది.

ఇరవై ఒకటో రోజున ఒప్పందం సిద్ధమైంది. అందులో తొమ్మిదో క్లాజు మా మంత్రిగారు స్వయంగా చెప్పి రాయించినది: "ఎవరు ఏ దేశంలోకి రావాలన్నా, ఏ దేశం దాటి వెళ్లాలన్నా ఫారం-9 పెట్టుకోవాలి. ఆ దేశపు వాణిజ్య మంత్రి కుర్చీలో కూర్చున్నవారు దానిపై సంతకం చేయాలి. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు." ఆ చివరి వాక్యం కింద మంత్రిగారు రెండు గీతలు గీయించారు. ప్రజాస్వామ్యం మీద ఆయనకున్న గౌరవం అటువంటిది.

సంతకాలయ్యాయి. కస్టమ్స్ అధికారి కాగితాలు పట్టుకుని లారీ దగ్గరికి వెళ్లాడు. వెనక తలుపు తీయగానే అతని మొహం మీదికి పసుపుపచ్చటి కోడిపిల్ల ఒకటి దూకింది. దాని వెనక వందలు. లారీ అంతా కిచకిచలే.

"ఏంటయ్యా ఇది?"

"పిల్లలండీ."

"కాగితంలో గుడ్లని ఉంది."

"అవేనండీ ఇవి."

"గుడ్లకి అనుమతుంది. వీటికి లేదు. ఇవి ప్రాణులు. పశుసంవర్ధక శాఖ సర్టిఫికెట్ కావాలి. అసలు గుడ్లు ఏం చేశావ్?"

"పెంకులున్నాయండీ, చూసుకోండి."

"పెంకులు దాటించొచ్చు," అని అధికారి దయతలిచాడు.

ఇదే సమయంలో గేటు పక్కకి జరిగింది. ఇద్దరు మంత్రులూ గీత మీద కరచాలనం చేశారు. "సార్, మీరు అటు రెండడుగులు, వారు ఇటు రెండడుగులు వేసి చెయ్యూపితే చరిత్రలో నిలిచిపోతుంది" అన్నాడు ఫొటోగ్రాఫరు. చరిత్ర అంటే మా మంత్రిగారు వెనకాడరు. అవతలికి నడిచారు. అవతలి మంత్రిగారు ఇవతలికి వచ్చారు. సరిగ్గా అప్పుడే కోడిపిల్లల మంద గేటు వైపు పరుగెత్తింది.

"అనుమతి లేని సరుకు దాటుతోంది! గేటు ముయ్యండి!" అని కస్టమ్స్ అధికారి గావుకేక పెట్టాడు.

గేటు మూశారు. ఒప్పందం అమల్లోకి వచ్చింది.

గేటు కింద, చక్రాలు బిగించినందువల్ల, నాలుగు వేళ్ల సందు ఏర్పడింది. కోడిపిల్లలు అందులోంచి బారులు తీరి వెళ్లిపోయాయి. అవతల అక్క మోకాళ్ల మీద కూర్చుని, నవ్వుతూ ఏడుస్తూ, వాటిని గంపల్లోకి ఎత్తుకుంది. దారి తెలియని వాటిని డ్రైవరు ఒక్కొక్కటిగా పట్టి సందులోంచి అందించాడు. ఒకసారి పిల్లని అందుకోబోయి ఆవిడ అతని వేళ్లు పట్టుకుంది. కాసేపు వదల్లేదు. కస్టమ్స్ అధికారి ఆ రోజు రిపోర్టులో "ఒక్క గుడ్డు కూడా అక్రమంగా సరిహద్దు దాటలేదు" అని సగర్వంగా రాశాడు.

కంగారంతా సద్దుమణిగాక మా కార్యదర్శి గారు చుట్టూ చూసి, "మన మంత్రిగారేరీ?" అన్నారు.

అవతల ఉన్నారు. ఊచలు పట్టుకుని, "గేటు తియ్యండయ్యా, నేను రావాలి" అంటున్నారు.

"ఫారం-9 పెట్టుకోవాలండీ," అన్నాడు సెక్యూరిటీ అధికారి బాధగా.

"నేను మంత్రిని!"

"ఎవరికీ మినహాయింపు లేదని తమరే రాయించారు కదండీ."

మంత్రిగారు ఫారం నింపారు. ఇక దాని మీద మా మంత్రి కుర్చీలో కూర్చున్నవారు సంతకం చెయ్యాలి. కుర్చీ ఖాళీ. అవతల కూడా అదే పరిస్థితి. కార్యదర్శి గారు ఒక్క నిమిషం తల పట్టుకుని, వెంటనే తేలిక దారి కనిపెట్టారు. "అవతలి మంత్రిగారు ఇక్కడే ఉన్నారు. అనుభవజ్ఞులు. మన కుర్చీలో కూర్చుని మనాయన ఫారం మీద సంతకం పెడతారు. అక్కడ మనాయన ఈయన ఫారం మీద పెడతారు. సాయంత్రానికి ఎవరిళ్లకి వాళ్లు."

అలా అవతలి మంత్రిగారు మా ఆఫీసుకి వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ ఎత్తు సరిపోయింది. "ఫారం స్టడీ చెయ్యాలి" అన్నారు.

మర్నాడు సభలో ప్రసంగం ఉంది. పాతదే ఇచ్చాను. "పొరుగు దేశపు కుట్రలు సాగనివ్వం!" అని ఆయన బల్ల గుద్దారు. అధికార పక్షం చప్పట్లు కొట్టింది. ప్రతిపక్షం వాకౌట్ చేసింది. పేపర్లలో "మంత్రి ధ్వజం" అని వచ్చింది. రెండో వారంలో ఆయనే రెండు వంతెనలకి శంకుస్థాపన చేశారు. మూడో వారానికి మా ప్యూనుకి ఆయన టీలో చక్కెర ఎంతో తెలిసిపోయింది. అవతల మా మంత్రిగారు కూడా తీరిక లేకుండా ఉన్నారనీ, మా మీద చాలా ఘాటుగా మాట్లాడుతున్నారనీ విన్నాం.

ఐదో నెలలో డ్రైవరు ఆఫీసుకి వచ్చాడు. ఫారం-9 పెట్టి నాలుగు నెలలైందట. అక్క ఫారంలో కోళ్లు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయట, ఒక్కసారి వెళ్లి చూసి వస్తానన్నాడు. నేనే లోపలికి తీసుకెళ్లాను. మంత్రిగారిని చూసి అతను నోరు వెళ్లబెట్టాడు.

"అయ్యా, తమరు అవతలి మంత్రిగారు కదండీ?"

గదిలో అందరూ ఇబ్బందిగా నేల చూపులు చూశారు. సెక్యూరిటీ వాళ్లు అతన్ని మర్యాదగా చెయ్యిపట్టి బయటికి నడిపించారు. "ప్రజల్లో ఇంకా సంకుచిత భావాలు పోలేదు," అని కార్యదర్శి గారు నిట్టూర్చారు. డ్రైవరు ఫారం మీద మంత్రిగారు "చూద్దాం" అని రాశారు.

కిందటి వారం మా పాత మంత్రిగారి ఫారం-9 మళ్లీ బల్ల మీదికి వచ్చింది. మంత్రిగారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి నాకు డిక్టేట్ చేశారు: "పొరుగు దేశపు మంత్రి రాక వెనక ఉద్దేశాలు అనుమానాస్పదంగా ఉన్నందున తిరస్కరించడమైనది." సంతకం పెట్టారు.

అదే రోజు టపాలో అవతల నుంచి కవరొచ్చింది. మంత్రిగారి సొంత ఫారం అది. దాని మీదా అదే వాక్యం, అక్షరం పొల్లుపోకుండా. కింద మా పాత మంత్రిగారి సంతకం. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో మొదటిసారి ఒక కాగితాన్ని ఫైళ్ల అడుగున దాచేద్దామా అనిపించింది. భయపడుతూనే అందించాను.

ఆయన చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, "దృఢమైన నిర్ణయం," అన్నారు. "వాళ్ల మంత్రికి అభినందన లేఖ ఒకటి టైపు చెయ్యి."

చేశాను. చివర్న ఆగి, "కింద ఎవరి పేరు పెట్టమంటారండీ?" అని అడిగాను.

"మంత్రి అని పెట్టు, చాలు," అన్నారు.