తలకిందుల పేతురు

ఆ ఉదయం లీదియా టీచరు ఒక పాత తెర కోసం బయలుదేరింది. గిద్దలూరు స్టేషను దగ్గర బంగళాలో ఉండే రైలు ఇంజనీరు దొర బదిలీ మీద వెళ్ళిపోతూ పాత సామాను పంచిపెడుతున్నాడు. తెర దొరికితే తన బడి గోడకున్న పగులును కప్పేయాలని ఆవిడ ఆలోచన. నెల తిరిగేలోగా మిషన్ దొరసాని తనిఖీకి వస్తుంది. సగం మంది పిల్లలు పశువుల వెంట, మిగతావాళ్ళు కలుపుల్లో ఉంటే ఈ బడి ఎందుకు, మూసేద్దామని ఆవిడ పోయినసారే అనేసింది. ఇక పగులు కూడా కంటబడితే చెప్పేదేముంది?

తెరలు అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. ఖాళీ టీ పెట్టెల అడుగున మిగిలిన ఒక చిన్న అట్టపెట్టె మాత్రం లీదియా చేతికి వచ్చింది. మూత తీస్తే రంగురంగుల బొమ్మ కార్డులు. బూర ఊదుతున్న దేవదూత, సమాధుల్లోంచి లేస్తున్న మనుషులు! "స్తోత్రం తండ్రీ, బైబిలు పటాలు!" అని పెట్టెను కళ్ళకద్దుకుంది. కార్డుల కింద ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి గానీ, ఆవిడ చదువంతా తెలుగులోనే సాగింది.

ఇంటికి వచ్చి కార్డులన్నీ చాప మీద పరిచి, ఒక్కొక్కరినీ పలకరించి పరిచయం చేసుకుంది. చెట్టు కింద బట్టల్లేని జంట ఆదాము, హవ్వ. పిడుగుపడి కూలుతున్నది బాబెలు గోపురం. గిన్నెలు కనబడితే ప్రభురాత్రి భోజనం, నాణేలు కనబడితే ప్రభువును అమ్ముకున్న యూదా. తలకిందులుగా వేలాడుతున్నవాడు కాసేపు ఇబ్బంది పెట్టాడు. అబ్షాలోము అనుకుందామంటే, అతడు చెట్టుకొమ్మకు చిక్కుకున్నది తలతో, వీడు వేలాడుతున్నది కాలితో. చివరికి పేతురని తేల్చుకుని హాయిగా నిద్రపోయింది.

మర్నాటి నుంచి పిల్లలు బొమ్మల కోసం ఎగబడి వచ్చారు. పశువులు కాసే పిల్ల జ్ఞానమ్మ కూడా వచ్చి కూర్చుంది. మధ్యాహ్నానికి ఆ పశువుల యజమానురాలు చెంచమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమే జ్ఞానీ, ఆడ బర్రె కనపడక నేను చస్తాంటే నువ్వీడ బొమ్మలు చూస్తాండావా?"

"కోప్పడొద్దు అక్కా, కూచో. నువ్వు కూడా ఒక బొమ్మ తియ్యి" అంది లీదియా.

చెంచమ్మ విసురుగా ఒకటి లాగింది. ఆకాశంలో నక్షత్రం, మడుగు పక్కన కడవలతో నీళ్ళు వంపుతున్న ఆడమనిషి.

"నీళ్ళ కాడికి పోయినామె అక్కా ఈమె. ఆడనే ఆమెకు మేలు జరిగింది" అంటూ సమరయ స్త్రీ కథ మొదలుపెట్టింది లీదియా. కథ వినడానికి చెంచమ్మ అక్కడ లేదు. సగిలేటి మడుగుకు పరుగెత్తింది. బర్రె అక్కడే మెడదాకా మునిగి తీరిగ్గా నెమరు వేస్తోంది.

పొద్దుగూకేలోగా ఈ సంగతి ఊరంతా పాకింది. తెల్లారి రైతు వెంకటసుబ్బయ్య వచ్చి తీస్తే గోపురం వచ్చింది.

"కూలిపోయిన కట్టడం ఇది, మామా" అంది లీదియా. ఆయన మిగతాది వినకుండా వెళ్ళి కొట్టంలోంచి ఎద్దులను బయటికి తోలాడు. ఆ సాయంత్రం గాలివానకు కొట్టం కూలింది.

ఇక జనం టెంకాయలు, తమలపాకులతో దిగారు. "ఇది సోది కాదయ్యా, దేవుని వాక్యం!" అని లీదియా మొత్తుకుంటే, "చూడు, ఎంత అణకువో!" అని ఇంకా గట్టిగా నమ్మారు. పొమ్మంటే పోరు. ఆవిడకు ఒళ్ళు మండింది. మంటలోంచే ఒక ఆలోచన వచ్చింది.

"బిడ్డల్ని బడికి పంపినోళ్ళకే బొమ్మ. పంపనోళ్ళు ఈ గడప తొక్కొద్దు!"

తనిఖీ రోజున దొరసాని వచ్చేసరికి బడి ముందు ఎడ్లబండ్లు, మెట్ల మీద టెంకాయ చిప్పలు. లోపల కాలు పెట్టడానికి చోటు లేనంతమంది పిల్లలు. బల్ల మీది కార్డులు చూసి దొరసాని ముఖం ఎర్రబడింది. తెలుగును బైబిల్లోంచే నేర్చుకున్న మనిషి ఆవిడ.

"లీదియా! నీవు ఏమి చేయుచున్నావు? ఇవి జాతకము చెప్పెడు కార్డులు! నా పినతల్లి వీటివలన చెడిపోయెను!"

లీదియా కార్డుల వైపు తేరిపార చూసింది. ఇన్నాళ్ళూ ముద్దుగా తుడిచి దాచుకున్నది వీటినా!

"నాకు తెలియదమ్మగారూ" అంది.

దొరసాని కార్డులు గుప్పిట పట్టి, ముందు వరసలో ఉన్న జ్ఞానమ్మ వైపు ఒకటి చాచింది. "ఇది నీకేమి జరుగునని చెప్పుచున్నది?"

"నాకేం చెప్పదు దొరసానమ్మా. ఈయన పేతురు. మా ప్రభువు మాదిరి నిలువుగా చచ్చేదానికి నేను తగను, తలకిందులుగా సిలువేయండి అన్న్యాడు."

దొరసాని ఇంకొకటి తీసింది. భుజాన మూట, వెంట కుక్క, నడుస్తున్న పడుచువాడు.

"తప్పిపోయిన కుమారుడు! నాయన మాట ఇనకుండా ఇల్లిడిసి పోతాండాడు" అని బడంతా ఒక్కసారి అరిచింది.

మూడోది వీపునిండా కత్తులు దిగి బోర్లా పడి ఉన్న మనిషి. లీదియా కళ్ళు మూసుకుంది. ఆ ఒక్కదానికీ ఆవిడకు ఏ కథా దొరకలేదు.

"ఈయనెవరో ఎవరికీ తెలీదు, దొరసానమ్మా" అంది జ్ఞానమ్మ దిగులుగా. "టీచరమ్మ బైబిలంతా ఎతుకుతానే ఉండాది పాపం. మీకేమన్నా తెలుసునా?"

దొరసాని కార్డును తనవైపు తిప్పి చూసింది. తెలియదని ఒప్పుకున్న సోదికత్తెను ఆవిడ తన దేశంలో గానీ ఇక్కడ గానీ చూసి ఉండదు. గుప్పిట సడలింది. పిల్లల ముఖాలు ఒక్కొక్కటీ చూసి, చివరికి పకపకా నవ్వేసింది.

"నాకును తెలియదు. ఈ బడి మూయబడదు, లీదియా. గోడ బాగుచేయించి, ఇంకొక గది కట్టింతుము."

బయట చెంచమ్మ అక్కడున్న టెంకాయలన్నీ ఒకేసారి పగలగొట్టించింది. లీదియా ఆ పూట ఎవరినీ ఆపలేదు. గడపలో నిలబడి, తల ఎత్తుకుని, కొబ్బరి ముక్క నమిలింది.

తర్వాతి నెలలో చుట్టుపక్కల బళ్ళన్నిటికీ అలాంటి కార్డుల కట్టలే కావాలని దొరసాని మద్రాసుకు ఆర్డరు పంపింది. మిషన్ వాళ్ళకు జాతకం చూసుకోవలసినంత కష్టం ఏం వచ్చిందని దుకాణదారు మర్యాదగా వాకబు చేశాడు.